ఈస్టు చాలక్కా

చీకట్లో మెరిసే సూక్ష్మజీవిని మా వంటింట్లోనే తయారుచేయాలని నాకు పట్టుదల. ఏ జీవిలో జన్యువు మార్చాలన్నదే ఎంతకీ తేలలేదు. బేకరీలో పనిచేసే మా తమ్ముడు ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఈస్టు చాలక్కా. రోజూ రొట్టెలో తింటున్నదేగా, మనల్నేం చేస్తుంది?"

మూడు వారాల తర్వాత, ఈ రాత్రి, దీపాలన్నీ ఆర్పి, జన్యువు మార్చిన ఈస్టు పెంచుతున్న గాజుపళ్ళెం మూత తీశాం. ఏమీ మెరవలేదు. ఫ్రిజ్ చప్పుడు ఆగింది.

"సీసాలో మిగిలిన ఈస్టు పారబోశావా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"పారబోయడమెందుకని బేకరీ పిండిలో కలిపేశా. వారమైంది."

అమ్మ గది తలుపు కింద ఆకుపచ్చటి వెలుగు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతోంది. తలుపు తోశాను. అమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా దిండు ఆకుపచ్చగా వెలుగుతోంది.

"అమ్మా" అన్నాను. ఎదుటి గోడ వెలిగింది.

తమ్ముడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నావైపు తిరగలేదు.

"మాట్లాడకక్కా" అన్నాడు. కిటికీ అద్దం వెలిగింది.

అద్దం అవతల, నిద్రపోతున్న మా వీధిలో, కిటికీలన్నీ అమ్మ ఊపిరితో పాటే వెలిగి ఆరుతున్నాయి.