వెనక చాప మీది ముచ్చట్లు

ప్రసంగం మధ్యలో సమ్మన్న సేటు లేచి నిలబడ్డాడు.

వెనక ఆడవాళ్ల చాపల వైపు తిరిగి గద్దించాడు. "ఏందిది నర్సక్కా? చర్చనుకున్నవా, నల్లా కాడ అనుకున్నవా? గీ ముచ్చట్లు ఇంటికాడ పెట్టుకోరాదు?"

నర్సక్క నాలుక కరుచుకుంది. "మెల్లగనే మాట్లాడుతున్న సేటూ. జర సప్పుడు పెరిగినట్టుంది."

"మెల్లగ గూడ వద్దు. బయట కూసో, పో."

ఆమె లేచి, బయట అరుగు మీద కిటికీ పక్కన కూర్చుంది.

అంతటితో పోతే బాగుండేది. సమ్మన్న కన్నతల్లి ఐలమ్మ కూడా కర్ర పట్టుకుని ఆమె వెంటే నడిచింది.

"నువ్వెటు అవ్వా?"

"నర్సక్క ఏడుంటే నేనాడ కూసుంట."

ముసలితనంలో ముచ్చట్ల రుచి మరిగిందనుకున్నాడు సమ్మన్న.

చంద్రపూర్‌ను ఇంకా చాందా అని పిలిచే రోజులవి. రాష్ట్రాలు విడదీసి, తెలుగు, మరాఠీ రెండూ మాట్లాడే రాజురా తాలూకాను తెచ్చి ఈ జిల్లాలో కలిపిన కొత్త. గోదాములో బస్తాలు సర్దినట్టు సర్కారు ఊళ్లను సర్దితే, మిషను వాళ్లు పాస్టర్లను సర్దారు. లాల్‌పేట్ బొగ్గుబావుల దగ్గరి చర్చిలో ఉన్న తెలుగు పాస్టరును ఆదిలాబాదుకు పంపి, మరాఠీ పాస్టరును ఇచ్చారు.

మనిషి బంగారమే. భాషే అందదు.

సమ్మన్నకు వచ్చింది అంగడి మరాఠీ. పప్పు, బెల్లం బేరానికి సరిపోతుంది కానీ పరలోకం దాకా పోదు. అయినా సంఘ పెద్ద కాబట్టి ముందు వరుసలో కూర్చుని, అర్థమైనట్టే తలూపేవాడు.

అతని దిగులంతా తల్లి గురించే. ఇంట్లో ఆమె ఒక్కతే బాప్తిస్మం తీసుకోలేదు. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడేమవుతుందో!

"అర్థంగాని మాటకు తలకాయ ఊపుమంటవా?" అనేదామె. "సరుకు చూడకుండ బేరం చేయొద్దని నువ్వే అంటవు గద!"

అందుకే తెలుగు పాస్టరును పంపమని పొద్దున దుకాణం తెరుస్తూ ఒకసారి, సాయంత్రం దీపం పెడుతూ ఒకసారి ప్రార్థన చేసేవాడు.

ఆరాధన అయ్యాక ఆ రోజూ పాస్టరు దగ్గరికి వెళ్లి, వచ్చీరాని మరాఠీలో మొరపెట్టుకున్నాడు.

"అయ్యా, నాగపూర్‌కు చిట్టీ రాస్తే వారం తిరగక ముందే సరుకు దిగుతది. దేవునికి రాసుకోవట్టి రెండు వానకాలాలాయె. బండి జాడే లేదు."

పాస్టరు నవ్వి అతని భుజం తట్టాడు. "ధీర్ ధరా, సమ్మన్నా."

ఓపిక పట్టమట!

"ఎంతని పట్టాలె? నిలవుంటే బియ్యం గూడ పురుగు పడ్తది" అని గొణుక్కుంటూ బయటపడ్డాడు.

ఆ వారంలోనే నర్సక్క మొగుడు పోశానికి ఘుగ్గుస్ గనిలో పని దొరికింది. రాజురా పక్క పల్లె నుంచి నిరుడు వచ్చిన జంట. ఇక్కడ ఎవరికీ చుట్టాలు కారు. మూటలు నెత్తిన పెట్టుకుని పోతూ నర్సక్క దుకాణం ముందు ఆగింది.

"పోయొస్తం సేటూ. అవ్వ పైలం, జర చూసుకో."

"ఆఁ, మంచిది" అన్నాడు సమ్మన్న, తక్కెడ మీంచి చూపు తిప్పకుండానే. పీడ విరగడైందనుకున్నాడు.

ఆదివారం చర్చిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. సమ్మన్న ప్రాణం హాయిగా ఉంది. వెనక ఆడవాళ్లు ఆవలించడం అతని కంట పడలేదు.

చివరి పాట అయ్యాక ఐలమ్మ కర్ర పొడుచుకుంటూ నేరుగా పాస్టరు ముందుకు వెళ్లింది.

"అయ్యా, నాకు బాప్తిస్మం ఎప్పుడిస్తవు?"

సమ్మన్న పరుగున వచ్చి ఆ మాటను మరాఠీలో చెప్పాడు.

పాస్టరు ముఖం వెలిగిపోయింది. "ఏం తెలుసుకుని వచ్చిందో అడుగు."

ఐలమ్మ తడుముకోలేదు.

"రైతు తొలకరికి ఆగుతడు, కడవరి వానకూ ఆగుతడు. మబ్బును కొంగుపట్టి గుంజితే వాన పడదు. దేవుడు గూడ నాకోసం గట్లనే ఆగిండు. ముసల్దాన్నని ఇడిసిపెట్టలే. గింతగనం ఆగినాయనను ఇంకా ఆపుడు న్యాయమా?"

సమ్మన్న తనకొచ్చిన అంగడి మరాఠీలోనే అదంతా చెప్పాడు.

పాస్టరు కళ్లు పెద్దవయ్యాయి. "ఆ రైతు మాట నేను పోయిన నెల ప్రసంగంలో చెప్పిందే!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకామె పాట ఎత్తుకుంది. వచ్చే ఆదివారమే ఇరై నదిలో బాప్తిస్మమని పాస్టరు అక్కడికక్కడే చాటాడు.

సమ్మన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ తల్లి చేతులు పట్టుకున్నాడు. "తెలుగు పాస్టరు రానేలేదు. నీకు మరాఠీ ఎన్నడొచ్చిందే అవ్వా?"

"నాకేడొస్తది కొడుకా!" ఐలమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "నువ్వడిగినోళ్లను దేవుడు నిరుడే పంపిండు, నువ్వే బయటికి తోలినవు, అయ్య మరాఠీల చెప్పిన ప్రతి మాట మా చెవుల తెలుగుల ఏసింది నర్సక్కనే."