ఎవరికీ తెలియని పేరు

నీళ్ళ శుద్ధి కేంద్రంలో కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు కదులుతోంది. ఎరాస్తో వాళ్ళమ్మ చేతులు రెండూ టీ కప్పు చుట్టూనే ఉన్నాయి.

ఆమె చూస్తూండగానే అది క్లోరిన్ అంకె దగ్గరికి పోయి, దాన్ని పెంచుకుంటూ పోయింది. ఊరంతా తాగే నీళ్ళు. ఆమె ఇంటర్నెట్ వైరు పీకేసి, పరుగున వెళ్ళి క్లోరిన్ మందు వచ్చే గొట్టం వాల్వును చేత్తో బిగించింది. చుక్క కూడా ముందుకు పోలేదని చూసుకున్నాకే చెయ్యి తీసింది. ప్రసూతి ఆస్పత్రి కుళాయికీ ఈ నీళ్ళే.

మేనేజరు మ్వాకలింగాకు ఫోను చేస్తే, వస్తున్నానన్నాడు.

తప్పు తనదేనని ఆమెకు అప్పటికే అర్థమైంది. పాస్‌వర్డ్ పెట్టమన్నప్పుడు, మరిచిపోకుండా ఉంటుందని పెద్దకొడుకు ఎరాస్తో పేరు పెట్టింది. ఆ ఊళ్ళో తొలి కాన్పు కాగానే ఆడదాని పేరు పోయి బిడ్డ పేరే మిగులుతుంది. బజార్లో అరటిగెలలమ్మే ఆవిడ మొదలు చర్చి పాస్టరు దాకా ఆ తాళంచెవిని రోజూ గొంతెత్తి పలుకుతున్నారు. ఈ బుద్ధి అప్పుడేమైంది?

ఫోను మోగింది. "షికమూ అమ్మా," అని పెద్దవాళ్ళకు పెట్టే దండం పెట్టిందో కుర్రాడి గొంతు. రాజధాని డొడోమాలోని పెద్దాఫీసు నుంచట. ఇందాక మీ దగ్గర జరిగింది సరిచేయాలి అన్నాడు. అతను అడక్కముందే ఆమె అంతా చెప్పేసుకుంది. నా మూలానే ఊరు చచ్చిపోయేది నాయనా అని ఏడ్చింది.

"ఊరుకోండమ్మా. మా అమ్మనీ నా పేరుతోనే పిలుస్తారు. ఆవిడైనా అదే పెట్టేది."

ఆ మాటకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వైరు మళ్ళీ పెట్టమంటే పెట్టింది. లోకంలో ఎవరికీ తెలియని మాట కొత్త పాస్‌వర్డ్‌గా పెట్టి, తనకు చెబితే మిగతాది శుభ్రం చేస్తానన్నాడు.

అలాంటిది ఒకటే ఉంది. ఎరాస్తో తరవాత, కన్ను తెరవకుండానే పోయిన ఆడపిల్లకు ఆమె మనసులో పెట్టుకున్న పేరు. మొగుడికి కూడా చెప్పలేదు.

"అటుపెలే," అంది. పైకి అనడం అదే మొదలు.

అవతల కీబోర్డు టకటకలాడింది.

"మంచి పేరమ్మా," అన్నాడు. "ఆ గొట్టం వదులు చేసి, మీరు టీ తాగండి. ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటాను."

ఆమె గొట్టం వదులు చేసి వచ్చి కూర్చుంది. చల్లారిన టీ అయినా కమ్మగా ఉంది.

మ్వాకలింగా చెమటలు కక్కుతూ వచ్చాడు. పెద్దాఫీసు అబ్బాయి ఎంత మర్యాదస్తుడో ఆమె చెప్పబోతే, చెయ్యెత్తి ఆపి తలుపు వేశాడు.

"ఎరాస్తో అమ్మా, నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "డొడోమాకి ఇంకా చెప్పలేదు. ఈ సంగతి నీకూ, నాకూ, ఆ పని చేసినవాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు."