పొదిగే సెలవు

ఏ ఊరిదో తెలియని ఒక దొడ్డిలో, ఎండబోసిన ధాన్యంలో పురుగులేరే కోళ్ళకు ఎర్రపుంజు మేస్త్రీ. వాటిలో చుక్కలపెట్టకు పొదిగే వేళ వచ్చింది. గుడ్లు చల్లారిపోతాయన్న బెంగతో దానికి కాలు నిలవడం లేదు.

"మేస్త్రీగారూ, గుడ్లు పొదగాలి. సెలవిప్పించండి" అని బతిమాలింది.

పుంజు మెడ నిక్కించింది. "మన దొడ్డిలో ఆడా మగా సమానం. ఏ పుంజూ అడగని సెలవు నీకిస్తే న్యాయమేనా?"

చుక్కలపెట్ట వినయంగా తలూపింది. "నిజమేనండీ. అన్నీ సమానమన్నాక పొదగడమూ సమానమేగా! ఈ పూట మీరు కూర్చోండి, మీ పని నేను చూస్తాను."

నలుగురూ వింటుంటే కాదనలేక పుంజు వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఆకలితో కళ్ళు తిరిగాయి. పొద్దు వాలకముందే లేచి, దిబ్బెక్కి కూసింది.

"పొదగడం ఇంత కష్టమని నాకిప్పుడే తెలిసింది! వెంటనే సెలవు మంజూరు చేస్తున్నాను!"

పెట్టలన్నీ సంబరంగా రెక్కలు కొట్టాయి.

"పొదిగి అలిసిపోయిన పుంజులకు నెల్లాళ్ళు!" అని ముగించింది పుంజు.

"మరి మాకండీ?" అంది చుక్కలపెట్ట, చల్లారుతున్న గుడ్ల మీదికి పరుగెడుతూ.

"మీకు అలవాటైన పనేగా" అంది పుంజు, "అలసటేముంటుంది?"