మాస్టారి ఆయిల్ మార్పిడి

“పన్నెండేళ్ల నుంచీ ఈ కారుకి ఆయిల్ మార్చేది నేను. ఇవాళ నా షెడ్డు చేదయ్యిందా బావా?”

గేటు దగ్గర మెకానిక్ బావమరిది గొంతు వినగానే, కారు కింద సగం దూరి ఉన్న మాస్టారి చేతిలోంచి స్పానరు జారి ఛాతీ మీద పడింది. కారు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. పక్కన ఖాళీ బేసిను, కొత్త ఆయిల్ డబ్బా, ఆయిల్ ఎలా మార్చాలో పాఠం చెబుతున్న ఫోను. లెక్కల మాస్టారు ఈ జన్మలో సైకిలుకి గాలి కూడా సొంతంగా కొట్టుకున్న పాపాన పోలేదు.

“నేనే రమ్మన్నానండీ!” వంటింటి కిటికీలోంచి భార్య కేకేసింది. “ఆదివారం పూట ఈ మెకానిక్ వేషాలు ఎందుకంటే వింటేగా! రెండు గంటల నుంచి ఆ కిందే పడుకున్నారు.”

మాస్టారు పొట్ట ఈడ్చుకుంటూ బయటికొచ్చారు. “షాపుల్ని నమ్మే రోజులు పోయాయిరా. పాత ఆయిలే పోసి కొత్తదన్నా మనకేం తెలుస్తుంది?”

“నన్నేనా నువ్వు అనేది?” మెకానిక్ నవ్వుతూనే అడిగాడు గానీ మొహం చిన్నబోయింది.

నమ్మకం లేనిది షాపు మీద కాదని మాస్టారు ఏ నోటితో చెబుతారు? గురువారం సాయంత్రం జోరువానలో, గోడౌన్ల మలుపు దగ్గర, కారు కింద ఏదో దభీమని తగిలింది. ఆయన ఆగలేదు. మర్నాడు బళ్లో అందరూ అదే మాట. ఆ మలుపులో జారిపడ్డ పోస్టుమ్యాన్ మీద ఎవరో కారు ఎక్కించేసి పోయారట, మనిషి దక్కలేదట. అప్పటి నుంచి మాస్టారికి ముద్ద దిగడం లేదు. మూడుసార్లు పైపు పెట్టి కారు అడుగు కడిగారు గానీ, తొంగి చూసే ధైర్యం మాత్రం చాలలేదు. ఇప్పుడు కూడా కళ్లు సగం మూసుకునే బోల్టు తడుముకుంటున్నారు.

“అన్నట్టు నిన్న పోలీసులు షెడ్లన్నీ తిరిగారు బావా,” అన్నాడు మెకానిక్ చొక్కా చేతులు మడుచుకుంటూ. “ఆ పోస్టుమ్యాన్ కేసు. ఏ కారు అడుగున చిన్న గుడ్డపీలిక కనిపించినా చెప్పాలంట. కారు లిఫ్టు ఎక్కితే చాలు, మావాళ్లు నలుగురూ పని మానేసి మెడలెత్తి చూస్తున్నారు.”

మాస్టారు గబగబా స్పానరు అందుకుని మళ్లీ కారు కిందికి వంగారు.

మెకానిక్ వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. “బోల్టు తల మొత్తం అరగ్గొట్టేశావు కదయ్యా! ఇక నీవల్ల కాదు. షెడ్డుకి లాక్కుపోయి లిఫ్టెక్కించనా?”

“వద్దు!” మాస్టారి నోట్లోంచి అది కేకలా వచ్చింది.

“అయితే ఇక్కడే నేను దూరతా.”

“అసలొద్దురా. ఇవాళ్టికి వదిలెయ్.”

“ఏం వదిలెయ్యడం? రేపు అక్క పోవాల్సింది ఇందులోనేగా! దారిలో ఇంజను పట్టేస్తే?” అంటూనే కారు కింది చాప సర్దుకుని, చుట్టూ చూశాడు. “కారు కింద ఆసరా పెట్టే స్టాండ్లేవీ? నా షెడ్లో ఎవడైనా ఉత్త జాకీ మీద పెట్టి దూరితే చెంప పగలగొడతాను.” ఒక్క క్షణం తటపటాయించాడు. “సరేలే. ఈ జాకీ పిడి గట్టిగా పట్టుకో. పొరపాటున కూడా ఎడమవైపు తిప్పకు, కారు దిగిపోతుంది. జాకీని నమ్మి కాదు బావా, నిన్ను నమ్మి దూరుతున్నా.”

వెల్లకిలా పడుకుని లోపలికి జరిగిపోయాడు. మోకాళ్ల కింది భాగం ఒక్కటే బయట కనిపిస్తోంది. కింద టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగి, ఒకచోట ఆగిపోయింది.

“బావా, ఈమధ్య కారు దేనికైనా తగిలిందా?”

“లేదే. ఏం?” మాస్టారు గేటు వైపు చూశారు.

“నా దగ్గరా అబద్ధాలు? ఇక్కడ కడ్డీకి ఏదో చుట్టుకుని ఉంది. ఉండు, లాగుతున్నా.” పర్రున చిరిగిన చప్పుడు. “అయ్యో... తొక్కించేసి ఆగకుండా వచ్చేశావా బావా? ఇంట్లోవాళ్లు ఎంత ఏడ్చి ఉంటారో! పద, ఇప్పుడే వెళ్లి చెప్పేద్దాం.”

“వద్దురా. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పొద్దు.”

“తప్పు బావా. చెప్పాల్సిందే. ఉండు, బయటికొచ్చి...”

మాస్టారి కళ్ల ముందు పోలీసు జీపు వచ్చి బడి గేటు దగ్గర ఆగింది. తరగతి కిటికీలన్నిటి నిండా పిల్లల మొహాలు. ఈ సంగతి తెలిసింది వీడొక్కడికే. వీడొక్కడూ లేకపోతే ఇంకెవరికీ తెలియదు. ఆయనకి భయం తప్ప ఇంకేమీ తోచలేదు. చేతిలోని పిడి ఎడమవైపు తిరిగింది.

కారు ఒక్కసారిగా కిందికి కూర్చుంది. దానికీ నేలకీ మధ్య జానెడు కూడా ఉండదు. కేక కూడా పూర్తిగా రాలేదు. కాళ్లు రెండుసార్లు నేలని తన్ని ఆగిపోయాయి.

“ఏంటండీ ఆ చప్పుడు?” భార్య తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

“జాకీ... జాకీ జారిపోయిందే. నేను వద్దంటూనే ఉన్నాను...” మాస్టారు గడగడ వణికిపోతున్నారు. ఆ వణుకు మాత్రం నిజమే.

“తమ్ముడూ! ఒరేయ్ తమ్ముడూ!” ఆమె మోకాళ్ల మీద కూలబడి, చక్రం పక్కనుంచి బయటికి వచ్చి ఉన్న చేతిని పట్టుకుంది. గట్టిగా బిగుసుకున్న వేళ్లని ఏడుస్తూ ఒక్కొక్కటే విప్పింది.

అరచేతిలో, చిన్న మువ్వ కుట్టిన కుక్క మెడపట్టీ.