గుడ్ అంటే ఆగమనా, రమ్మనా?

"నువ్వు గుడ్ అన్నది ఆగమనే కదా?" కాగితం మీంచి తలెత్తి అడిగాడు రోలీ.

వెండెల్ టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "నీకెలా తోస్తే అలా రాసుకో."

"నాకు తోచేదేంటిరా? అన్నది నువ్వు. రేపు పొద్దున విచారణ. మన మేనేజరు కుర్రాడు తేల్చి చెప్పేశాడు. ఆగమని అన్నావంటే తప్పు ఓరిన్‌ది. రమ్మని అన్నావంటే తప్పు నీది. మధ్యలో రాయడానికి చోటు లేదట."

అమెరికాలో డులూత్ ఊరి అవతల, దుంగలు కోసే సామిల్లులో లారీలు వెనక్కి వస్తుంటే దారి చూపించడం వెండెల్ పని. ఆ రోజు లారీ నడిపినవాడు ఓరిన్. వెనకాల దుంగలకు గొలుసు బిగిస్తున్నవాడు రోలీ. మిల్లు రొదలో వెండెల్ "గుడ్!" అని అరిచాడు. లారీ ఆగలేదు. ఇప్పుడు రోలీ కుడికాలు మోకాలి దగ్గరే అయిపోయింది. మిగిలిన ప్యాంటు కాలిని మడిచి అతని భార్య మార్లిస్ పిన్నీసు పెట్టింది.

"డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు," రోలీ నవ్వాడు. "కాలు పోయింది ఫర్ గుడ్ అని. అంటే ఇక రాదని. అందులో గుడ్ ఏముందిరా? ఎనిమిదిలో మా టీచరమ్మ గుడ్ అంటే మంచి అని చెప్పింది. తొమ్మిదికి నేను పోలేదు. మిగతా అర్థాలు అక్కడ చెప్పుంటారు."

వెండెల్ నవ్వలేకపోయాడు.

"ఓరిన్‌కి వాళ్ళ నాన్న నేర్పాడట, గుడ్ అంటే ఇంకా చోటుంది, వచ్చెయ్ అని. మనకేమో చాలు, ఆపు అని. ఇరవై ఏళ్ళు ఒకే చోట పనిచేశాం, ఒక్కడైనా అడిగి తెలుసుకున్నామా?"

వంటగది గుమ్మంలోంచి మార్లిస్ అంది, "ఓరిన్ నిన్న వచ్చాడు పాపం. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్ల మీదే నిలబడి, నేనే తప్పుగా విన్నానమ్మా అని ఏడ్చాడు. లైసెన్సు పీకేస్తే వాడికి ఇంకేం చేతనవునని? పద్దెనిమిదో ఏట పట్టుకున్నాడు స్టీరింగు."

"మరి నేనేం చెయ్యను?" రోలీ గొంతు పెరిగింది. "ఎవడో ఒకడి పేరు రాయాలి. వెండెల్ నన్ను చూస్తూ నిలబడ్డాడు. కళ్ళెదుట మనిషిని పెట్టుకుని లారీని రమ్మంటాడా ఎవడైనా? ఆగమనే అనుంటాడు. అంతే కదరా, వెండెల్?"

వెండెల్ టోపీ తిప్పడం మానేశాడు. "వాడు నిజంగా ఏడ్చాడా?"

"ఏడవడా మరి?" అంది మార్లిస్.

రోలీ ఓరిన్ పేరు రాశాడు. కింద సంతకానికి గీత ఉంది. పెన్ను సరిగా పడక కాగితం అంచున రెండు సార్లు గీకి చూశాడు.

మార్లిస్ కాఫీ జగ్గు పట్టుకొచ్చింది. "నీకూ కొంచెం పొయ్యనా, వెండెల్?"

"ఐయామ్ గుడ్, మార్లిస్."

వద్దనడానికీ వాళ్ళకు ఆ మాటే. ఆమె మామూలుగా జగ్గు వెనక్కి తీసుకుంది. వెండెల్ మాత్రం తన నోటి మాట తనకే తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి చాపి కాగితాన్ని అరచేత్తో మూసేశాడు.

"సంతకం పెట్టకు."

"ఏమైందిరా? ఆగమనలేదా నువ్వు?"

"అనలేదు."

"అయితే రమ్మన్నావా?"

"అదీ కాదు."

"ఆటలా? నా కాలు పోయింది వెండెల్, సరిగ్గా చెప్పి చావు!"

వెండెల్ తల ఎత్తలేదు.

"ఆ గుడ్ లారీకి కాదు, ఫోన్లో మా ఆవిడకి."