కిటికీలో ఫెర్న్ కుండీ

షెరీఫ్ ఆఫీసు పోలీసు జీపు కొండదారి ఎక్కుతున్న చప్పుడు వినగానే వెండెల్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

మామూలు గంజాయి మొక్కల గురించి కాదు. నిన్న హెలికాప్టర్ చక్కర్లు కొట్టినప్పుడే వాటిని పీకి పొయ్యిలో పెట్టేశాడు. భయమంతా వంటింటి కిటికీలో ఉన్న కుండీ గురించే. ఆకు రూపు మారాలని గుప్పెళ్ళకొద్దీ విత్తనాలు మందునీళ్ళలో నానబెడితే, సగం కుళ్ళిపోయి, మొలిచినవి గిడసబారి చచ్చి, మిగిలింది అదొక్కటే. గంజాయే, కానీ ఆకు మాత్రం అచ్చం ఇళ్ళల్లో అందానికి పెంచే ఫెర్న్ ఆకు. ఇంకా పూత లేదు, విత్తనం లేదు, కొమ్మ నాటితే వేరు పట్టలేదు. అది దొరికితే జైలు. పోతే బతుకంతా పడ్డ పాటు గంగలో కలిసినట్టే.

భార్య లొరేన్‌కి కూడా అది ఫెర్న్ అనే చెప్పాడు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు మరి.

"కాఫీ తాగుతారా సార్?" లోపలికొచ్చిన డెప్యూటీ కోబర్న్‌ని చుట్టాన్ని పలకరించినట్టే పలకరించింది లొరేన్.

"ముందు పని చూసుకోనీమ్మా." టోపీ బల్లమీద పెట్టి, పొయ్యిలో బూడిద కెలికాడు. "ఇంత ఎండల్లో పొయ్యి ఎందుకు వెలిగించారు?"

"మా ఆయనకి చలెక్కువండీ."

కోబర్న్ కిటికీ దగ్గర ఆగాడు. "ఇదేంటి?"

"ఫెర్న్," అన్నాడు వెండెల్.

కోబర్న్ ఓ ఆకు తుంచి, నలిపి, వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"మా ఇంటినిండా ఫెర్నులే. మా ఆవిడకి పిచ్చి. ఇలాంటిది మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు."

"అడివి రకం సార్. వాగు పక్కన దొరికింది."

"ఏ వాగు?"

"అదే... కొండ వెనకాల వాగు."

కోబర్న్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సరే, షెడ్డు చూపించు."

షెడ్డులో ఖాళీ కుండీలు, వాటిమీద పెద్ద పెద్ద దీపాలు.

"ఇన్ని లైట్లెందుకయ్యా?"

"టమాటా నారుకి సార్."

"ఏదీ నారు?"

"తెగులొచ్చింది."

"ఈ కొండమీద అందరి టమాటాలకీ నేనొచ్చే ముందురోజే తెగులొస్తుందేంటో!" కోబర్న్ నవ్వేశాడు. "ఈసారికి బతికిపోయావు. టోపీ వంటింట్లో ఉంది, తీసుకుని పోతా. నువ్వు రానక్కర్లేదులే."

వెండెల్ షెడ్డు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. కాసేపటికి జీపు కొండ దిగిపోయింది. అప్పుడొచ్చింది నవ్వు, కళ్ళవెంట నీళ్ళు కారేంత నవ్వు. చేత్తో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కూడా పోల్చుకోలేకపోయాడు! గెలిచాడు తను. ఇక లొరేన్‌కి నిజం చెప్పెయ్యొచ్చు. ఇంట్లోకి పరిగెత్తాడు.

కిటికీ ఖాళీగా ఉంది.

"లొరేన్! ఫెర్న్ ఏదీ?"

"ఎందుకలా అరుస్తావు? అంత మంచిగా వదిలేసి వెళ్తున్నాడు, పాపం, ఆ మొక్కకేసే చూస్తుంటే పట్టుకెళ్ళమన్నాను," అంది లొరేన్ కప్పు కడుగుతూ. "వాళ్ళావిడ కాలేజీలో మొక్కల పాఠాలు చెబుతుందట. ఇది ఏ జాతిదో చూడగానే చెప్పేస్తుందట!"