ఎవరూ లేని ఇల్లు

"పొయ్యి ముట్టించావంటే నీకూ నాకూ మాటల్లేవు!" పక్కింటి క్లావ్దియా వేలు చూపించి మరీ చెప్పింది. "ఉష్ణోగ్రత కొలవడానికొస్తున్నారని కిందటేడు నేను పొద్దున్నుంచీ కాబేజీ కూరిన పిరోగు రొట్టెలు కాల్చాను. ఆ వేడి ఇల్లంతా పాకింది. పంతొమ్మిది డిగ్రీలు, అంతా సవ్యం అని రాసి, పిరోగులు తిని మరీ పోయారు."

తయీసియా పొయ్యి ముట్టించలేదు. కెటిల్ కూడా అల్మారాలో దాచేసింది. ఉక్కు కార్ఖానా బాయిలరు నుంచి ఇళ్లు వెచ్చబెట్టడానికి ఊరంతటికీ వచ్చే వేడినీళ్లు ఆమె ఇంటి తుప్పు గొట్టం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. శుక్రవారం కూతురు ఆసుపత్రి నుంచి పసిగుడ్డుతో వస్తోంది. గదిలో పద్దెనిమిదికి తక్కువుందని పురపాలక సంఘం రాస్తే తప్ప గొట్టం మార్చరు.

పదకొండింటికి అధికారి గెర్మన్ ల్వోవిచ్ వచ్చాడు, వెనకాల థర్మామీటరుతో గుమాస్తా. బూట్లు విప్పలేదు. తుడిచిన నేలంతా మంచు బురద. బొచ్చుటోపీ కూడా తియ్యలేదు.

"చలంటున్నారట?" అన్నాడు నోట్లోంచి ఆవిరి వదులుతూ. "మా ఆఫీసులో కిటికీలు తెరుచుకుని కూర్చుంటున్నాం."

"మీరు పెట్టి పుట్టారు బాబూ."

అతను గొంతు సవరించుకుని బల్లవైపు చూశాడు. ఎందుకో ఆమెకు తెలుసు. గడప తొక్కినవాడికి, పగవాడైనా సరే, టీ పొయ్యకపోతే ఆ ఊళ్లో తలెత్తుకోలేరు. తయీసియా పళ్ల బిగువున నిలబడింది.

"తొమ్మిది," అన్నాడు గుమాస్తా.

"ఉన్నది ఉన్నట్టు రాయి." అధికారి పొయ్యిమీద చెయ్యి పెట్టి చూశాడు. "టీ లేదా?"

"లేదండీ."

"కాస్త జామ్ అయినా?"

"ఏమీ లేవు."

"ఊఁ. అదీ రాయి."

సంతకం పెట్టి, నకలు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయారు. వాళ్లటు వెళ్లగానే క్లావ్దియా ఇటు వచ్చింది.

"తొమ్మిదే రాశాడే క్లావ్దియా!" తయీసియా కళ్లు తుడుచుకుంది. "ఊరికే తిట్టిపోశాం, పాపం."

"నా మాట విన్నావు గనక! ఏదీ, ఇలా తే." క్లావ్దియా కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదవసాగింది. రెండో వాక్యం నుంచి గొంతు సన్నబడింది.

'గదిలో తొమ్మిది డిగ్రీలు. పొయ్యి చల్లగా ఉన్నది. వచ్చినవారికి టీ ఇవ్వలేదు. తలుపు తీసిన స్త్రీ ఎవరో తెలియరాలేదు. కావున ఈ ఇంట ఎవరూ నివసించుట లేదు. గొట్టం తొలగించవలెను.'